పాత గుడారం, కొత్త గుడారం

పిల్లలూ! మీలో ఎంతమంది గుడారంలో ఒక రాత్రి గడిపారు? గడిపినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున డేరా గుడ్డమీద మంచుబొట్లు టపటపా రాలటం, పక్షులు సరిగ్గా మన చెవిలోనే కూసినట్టు వినిపించటం, ఇవన్నీ వాళ్ళకు తెలుసు. గడపనివాళ్ళు ఇప్పటికే "మా స్కూల్లో శిబిరం వేస్తున్నారు, నేనూ వెళతాను" అని ఇంట్లో అడిగే ఉంటారు. అడగగానే నాన్నగారు, "ఏమేమి కావాలిట?" అంటారు. మీరు జాబితా చూపిస్తారు. ఆయన దానిని పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చదివి, "వచ్చే ఏడు చూద్దాంలే" అంటారు.

ఆ జాబితాను సగానికి సగం ఎలా తగ్గించవచ్చునో ఈ నెల చెబుతాను. నాన్నగారు పక్కన ఉన్నప్పుడు చదివితే మరీ మంచిది.

ముందుగా, కొననక్కరలేనివి తీసేద్దాం. సత్తు గిన్నెలు, కంచం, గ్లాసు, చెంబు, కొబ్బరితాడు, చాకు, ఇవన్నీ ఇంట్లో ఉన్నవే. శిబిరానికని దుకాణాలలో మడత పెట్టే గిన్నెలు అమ్ముతారు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కాని అన్నం మీ ఇంటి సత్తు గిన్నెలోనూ అలాగే ఉడుకుతుంది. మన మైదానాలలో పరుపుకు బదులు బొంత చాలు. అమ్మమ్మ పాత చీరెలు పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంతను మించినది నేనింతవరకు చూడలేదు. అదీ వాడిన సామానే సుమా! పాత గుడ్డకు విలువ కట్టటం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న విద్యే.

ఇక మిగిలేవి గుడారం, వీపుసంచి, నేలమీద పరిచే పట్టా, టార్చి. లంబసింగి వంటి చలిచోటికి వెళ్ళేటట్టయితే స్లీపింగ్ బ్యాగు. డబ్బు ఖర్చయ్యేది వీటికే.

సరదాకోసం గుడారం వేసుకొని ఉండటాన్ని జనానికి బాగా అలవాటు చేసిన వారిలో ఇంగ్లండుకు చెందిన థామస్ హైరమ్ హోల్డింగ్ ఒకడు. ఆయన వృత్తి ఏమనుకున్నారు? దర్జీ. సైకిలు మీద మోసుకుపోగల తేలిక గుడారాలను స్వయంగా ఆలోచించి తయారుచేశాడు. 1901లో సైకిలు మీద శిబిరాలకు వెళ్ళేవారి సంఘాన్ని ఆరంభించాడు. 1908లో ఈ విషయం మీద పెద్ద పుస్తకమే రాశాడు. ఆ పుస్తకానికి ముందటి ఏడే, అంటే 1907లో, బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ అనే దీవిలో పిల్లలతో మొదటి స్కౌటు శిబిరం నడిపాడు. రెండవ ప్రపంచ యుద్ధం 1945లో ముగిసిన తరువాత సైన్యాలకు మిగిలిపోయిన గుడారాలు, సంచులు, నీళ్ళ సీసాలు చాలా దేశాలలో చవకగా అమ్మకానికి వచ్చాయి. కొత్తవి కొనలేనివాళ్ళు కూడా అడవులకు, కొండలకు వెళ్ళగలిగారు. అంటే ఈ సరదాకు పాత సామాను కొత్తేమీ కాదన్నమాట.

ఇప్పుడు గుడారం గుడ్డ సంగతి. బజారులో రెండు రకాలున్నాయి. ఒకటి నూలు క్యాన్వాసు. రెండవది నైలాను గాని, పాలిస్టరు గాని. రెండూ వాననీటిని ఆపుతాయి. ఆపే పద్ధతి మాత్రం పూర్తిగా వేరు.

క్యాన్వాసు దారాలమధ్య సన్నని సందులుంటాయి. వాన పడగానే నూలుపోగులు నీరు పీల్చి ఉబ్బుతాయి. ఉబ్బి ఒకదానినొకటి ఒరుసుకొని సందులను మూసేస్తాయి. అందుకే కొత్త క్యాన్వాసు డేరాను శిబిరానికి తీసుకుపోయే ముందు ఇంటి దగ్గరే రెండుమూడుసార్లు బాగా తడిపి ఆరబెట్టాలి. అప్పుడు కుట్టు దగ్గర సూది చేసిన బెజ్జాలు కూడా పూడుకుంటాయి. వాన కురిసేటప్పుడు లోపలినుంచి గుడ్డను వేలితో తాకవద్దని పెద్దవాళ్ళు చెబుతారు. అది వట్టి బెదిరింపు కాదు. గుడ్డకు పట్టి నిలిచి ఉన్న నీటిపొరకు మీ వేలు లోపలికి దారి చూపిస్తుంది. ఇక అక్కడినుంచి బొట్లు బొట్లుగా కారుతూనే ఉంటుంది.

నైలాను, పాలిస్టరు పోగులు అలా ఉబ్బవు. ఆ గుడ్డకు ఒకవైపు సన్నగా పూసిన ప్లాస్టిక్ వంటి పూత నీటిని ఆపుతుంది. ఆ పూత బలాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. సంచిమీద 1,500 మి.మీ. అని ఉంటే అర్థమేమిటి? ఆ గుడ్డమీద గొట్టం నిలబెట్టి ఒకటిన్నర మీటరు ఎత్తుకు, అంటే దాదాపు ఏడో తరగతి పిల్లవాడి ఎత్తుకు, నీరు పోసినా అది ఆపుకోగలదని. మామూలు వానకు ఆ మాత్రం చాలు. కింది గుడ్డకు మాత్రం ఇంకా ఎక్కువ కావాలి. తడినేలమీద మీరు మోకాలు ఆనించారంటే, మీ బరువంతా ఆ చిన్న చోటనే నీటిని పైకి నొక్కుతుంది కదా!

ఈ పూతకు ఒక శత్రువున్నది. అది వాన కాదు, తడి ఆరకుండా మడత పెట్టటం. తడిగా మడిచి, వేడిగా ఉండే అటకమీద పడేస్తే పూత క్రమంగా చివికిపోతుంది. చేతికి జిగటగా తగులుతుంది, పుల్లని వాసన వేస్తుంది. అలా అయినదాన్ని బాగుచేయటం కష్టం. క్యాన్వాసుకు కూడా తడే శత్రువు. బూజు పట్టి నల్లచుక్కలు వచ్చి దారం లోలోపల కుళ్ళిపోతుంది.

అందుచేత పాత గుడారం చూడబోయినప్పుడు కళ్ళకంటే ముందు ముక్కుకు పని చెప్పండి. సంచి విప్పగానే వాసన చూడండి. పుల్లగా గాని, ముక్కగా గాని ఉంటే దండం పెట్టి వచ్చేయండి. వాసన బాగుంటే దానిని పూర్తిగా నిలబెట్టించండి. "అన్నీ ఉన్నాయి బాబూ, నేను చెబుతున్నాగా" అంటే ఒప్పుకోవద్దు. గూటాలు లెక్కపెట్టండి, కడ్డీలు లెక్కపెట్టండి. కడ్డీ ముక్కలను కలిపే సాగుడు తాడు సాగి తిరిగి ముడుచుకుంటున్నదా, వదులై వేలాడుతున్నదా చూడండి. జిప్పును ఇరవైసార్లు పైకీ కిందికీ లాగండి. అమ్మేవాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. తరువాత మంచి ఎండలో లోపల దూరి తలుపు మూసుకోండి. సన్నని బెజ్జాలుంటే పట్టపగలే చుక్కలు కనిపిస్తాయి! చివరగా, అమ్మే ఆయన ఒప్పుకుంటే, కుట్లమీద చెంబుతో నీళ్ళు పోయండి. ఒప్పుకోకపోతే ఎందుకో ఆలోచించండి.

ఇక్కడొక తమాషా ఉన్నది. నాకు తెలిసిన ఒకాయన, తన గుడారం కారుతున్నదని చెప్పి బాగా తక్కువకు అమ్మేశాడు. నిజానికి అది కారటంలేదు. లోపల నలుగురు పడుకొని, చలికి గాలిసందులన్నీ మూసుకున్నారు. వాళ్ళ ఊపిరిలోని ఆవిరి చల్లని గుడ్డకు తగిలి నీరైంది. ఉడుకుతున్న గిన్నె మూతకు పట్టే నీరు వంటిదే ఇదీను. తేడా తెలుసుకోవటం సులభం. నీటిబొట్లు గుడ్డ అంతటా సమంగా పట్టి ఉంటే అది ఊపిరి తడి. కుట్టు వెంబడి వరుసగా ఉంటే, ఒకే చోటినుంచి జారుతుంటే, అది వాననీరు. ఈ సంగతి తెలిసినవాడికి ఆ గుడారం చవకగా దొరికిన మంచి గుడారం.

ఇదంతా నేను పుస్తకాలు చదివి నేర్చుకున్నాను అనుకోకండి. 1996లో నేను సైన్సు మాస్టారుని, స్కౌటు మాస్టారుని కూడా. మా దళం పిల్లలు ఆరు నెలలు ఇంటింటికీ తిరిగి పాత పేపర్లు అడిగి, అమ్మి, 2,700 రూపాయలు పోగుచేశారు. ఆ డబ్బుతో ఒక పాతసామాన్ల అంగడిలో మూడు క్యాన్వాసు డేరాలు కొన్నాను. రెండు వెలసి ఉన్నాయి. మూడవది ఆకుపచ్చరంగులో నిగనిగలాడుతున్నది. దాన్ని చూసి మురిసిపోయాను. విప్పి చూడలేదు. సైన్సు మాస్టారిని కదా, చూపుతోనే తెలుసుకోగలననుకున్నాను!

దసరా సెలవులలో వికారాబాదు దగ్గరి అనంతగిరికి వెళ్ళాం. మూసీనది పుట్టేది ఆ కొండలలోనే. రెండవరాత్రి వాన పట్టుకున్నది. వెలసిన డేరాలు రెండూ చుక్క కూడా కారలేదు. ఆకుపచ్చ డేరా పైభాగాన జానెడు చిరుగు నోరు తెరిచింది. ఎవరో దానికి జిగురుతో గుడ్డముక్క అంటించి పైన రంగు వేశారు. తడికి జిగురు వదిలింది. ఆ మూల పడుకున్నవాడు ఆరో తరగతి పిల్లవాడు. వాడి తెల్లచొక్కా తెల్లవారేసరికి ఆకుపచ్చగా తయారైంది. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. సాయంత్రానికి వాడికి జ్వరం వచ్చింది. వాళ్ళమ్మకు ఏం చెప్పాలో తెలియక, ఇంటికి తిరిగి వచ్చే బస్సులో నేను ఒక్కమాట కూడా మాట్లాడలేదు.

తరువాత ఆ డేరాను గొడుగులు బాగుచేసే తాత ఒకాయన బాగుచేసి పెట్టాడు. చిరుగు అంచులు లోపలికి మడిచి, పైనొకటి కిందొకటి క్యాన్వాసు ముక్కలు వేసి, చుట్టూ రెండువరుసల కుట్టు వేశాడు. కుట్టుమీద మైనం రుద్దాడు. పదిహేను రూపాయలు తీసుకున్నాడు. ఆ తరువాత నాలుగేళ్ళు ఆ చోట చుక్క కారలేదు.

సరే, మిగతా సామాను చూద్దాం. స్లీపింగ్ బ్యాగులో వెచ్చదనాన్ని ఇచ్చేది దూది కాదు, ఈకలు కాదు, వాటిమధ్య చిక్కుకున్న గాలి. ఏళ్ళ తరబడి చిన్నసంచిలో కుక్కి ఉంచితే లోపలి సరుకు అణిగిపోయి గాలి నిలవదు. పాతది కొనేటప్పుడు విప్పి, దులిపి, ఒక గంట వదిలేయండి. బూరుగుదూది దిండులా పొంగితే మంచిదే. అట్టలా పడి ఉంటే వద్దు. దానిమీద రెండుమూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రత ఒకటి, ప్రాణానికి ముప్పు లేకుండా గట్టెక్కగలిగేది మరొకటి. దుకాణంవాళ్ళు సహజంగా రెండవదాన్నే పెద్ద అక్షరాలతో చూపిస్తారు. మీరు మొదటిదాన్నే చూడండి.

వీపుసంచి పాతదైనా ఫరవాలేదు. పట్టీలు, వాటి కుట్లు గట్టిగా ఉండి, నడుముకు కట్టుకునే పట్టీ ఉంటే చాలు. టార్చిలో బ్యాటరీలుంచే చోట తెల్లని పొడి పేరుకొని ఉన్నదేమో చూడండి.

ఎంత చవకగా ఇచ్చినా పాతది కొనకూడని వస్తువులు రెండున్నాయి. కొండలెక్కే తాడు, తలకు పెట్టుకునే హెల్మెట్. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు కూడా నిండకుండా, మన మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం ఎక్కింది. ఆమె మొదట కొండలెక్కటం నేర్చుకున్నది భువనగిరి బండమీద. ఆ బండమీద వేలాడేటప్పుడు ప్రాణమంతా తాటిలోనే ఉంటుంది. తాడు ఎండకు ఎంత మగ్గిందో, ఎన్ని దెబ్బలు తిన్నదో పైకి కనిపించదు. హెల్మెట్ కూడా అంతే. గట్టి దెబ్బ ఒకటి తిన్న హెల్మెట్ పైకి బాగానే ఉంటుంది, రెండవ దెబ్బకు పనికిరాదు. ఇవి కొత్తవే కొనాలి, లేదా నేర్పే సంస్థవారే ఇవ్వాలి. గుడారం లోపల పొయ్యి గాని, లాంతరు గాని వెలిగించకూడదని కూడా ఈ సందర్భంలోనే చెబుతున్నాను. మంట సంగతి సరే, మూసిన చోట మండేటప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడు వాయువుకు వాసన ఉండదు. నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది.

ఇక ధర. "మేము నాలుగువేలు పెట్టి కొన్నాం" అని అమ్మేవాళ్ళు అంటారు. వాళ్ళు ఎంతకు కొన్నారన్నది మనకు అక్కరలేదు. అటువంటిది ఇవాళ కొత్తది ఎంత? అక్కడ మొదలుపెట్టాలి. లెక్కకోసం 4,000 రూపాయలనుకుందాం. మంచి స్థితిలో ఉన్న పాతది సగానికి, అంటే 2,000కు తగును అని నా అభిప్రాయం. అందులోంచి బాగుచేయించే ఖర్చు తీసేయండి. జిప్పుకు 300, నాలుగు గూటాలకు 80. మిగిలింది 1,620. బేరం అక్కడికి రావాలి. నలుగురు స్నేహితులు కలిసి దాన్ని కొని, 380 పెట్టి బాగుచేయించి, మూడేళ్ళలో ఆరు రాత్రులు వాడి, 800కు అమ్మారనుకోండి. ఖర్చు 1,200. రాత్రికి 200, తలకు 50. అదే కొత్తది 4,000కు కొని, అన్నే రాత్రులు వాడి, 1,600కు అమ్మితే తలకు ఎంత పడుతుందో మీరే కట్టి చూడండి. సరిగ్గా రెట్టింపు రాకపోతే ఎక్కడో తప్పు చేశారన్నమాట.

సెలవుల ముందు కొనేవాళ్ళు ఎక్కువ, సెలవులు ముగిశాక అమ్మేవాళ్ళు ఎక్కువ. కాబట్టి సెలవులయ్యాక కొనండి, సెలవుల ముందు అమ్మండి.

ఇప్పుడు ఫోనులో బొమ్మ చూసి కొనటం, అమ్మటం వచ్చింది. పెద్దవాళ్ళు లేకుండా మీరు వెళ్ళకండి. వస్తువు చూడకుండా బయానా పంపించకండి. పెద్దలకొక మాట. మీరు అమ్మేటప్పుడు కొనేవాడు, "డబ్బు పంపుతున్నాను, మీ పిన్ నంబరు నొక్కండి" అంటే వెంటనే ఫోను పెట్టేయండి. పిన్ నొక్కేది డబ్బు ఇవ్వటానికే. డబ్బు పుచ్చుకోవటానికి దానితో పనిలేదు.

అమ్మటం సంగతి వచ్చింది కనుక మా డేరాల కథ పూర్తి చేస్తాను. 2000లో మా పూర్వవిద్యార్థులు కొత్త నైలాను గుడారాలు ఇచ్చారు. పాతవి మూడూ అమ్మాలనుకున్నాం. ఆ ఏడు నాగార్జునసాగర్‌లో మూడురోజుల శిబిరం. ఏడో తరగతిలో ఇద్దరు పిల్లలు డబ్బు కట్టలేకపోయారు. వాళ్ళ ఖర్చుకు, శిబిరంలో లోటుకు కలిపి 1,500 కావాలి. డేరా ఒక్కింటికి 500 వస్తే సరిపోతుంది. ఒక పల్లెటూరి బడినుంచి మాస్టారొకాయన ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని చూడటానికి వస్తానని కబురు చేశాడు.

ముందురోజు సాయంత్రం మా పిల్లలలో వాదం పుట్టింది. కుట్టు వేసిన చోటు రంగులో కలిసిపోయింది, చూపిస్తే తప్ప కనిపించదు. "నాలుగేళ్ళుగా కారలేదు కదా, ఎందుకు చెప్పటం? చెబితే ధర తగ్గుతుంది, వాళ్ళిద్దరూ రాలేరు" అన్నారు కొందరు. వాళ్ళు చెడ్డపిల్లలు కారు. తోటివాళ్ళకోసమే అన్నారు. నేను ఏమీ అనలేదు. అప్పుడు దళనాయకుడు, పదో తరగతివాడు, "ఆ రాత్రి ఆ మూల పడుకున్నది నేనండీ" అన్నాడు. ఆకుపచ్చ చొక్కావాడు వాడే! ఇక ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు మూడు డేరాలూ ఆటస్థలంలో నిలబెట్టారు. కుట్టు చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు. ఆ మాస్టారు చూస్తుండగా, ఆయన పిల్లలిద్దరినీ లోపల కూర్చోబెట్టి, పైనుంచి ఆరు బకెట్ల నీళ్ళు పోశారు. పిల్లలు పొడిగా బయటికి వచ్చారు. అయినా ఆయన తలాడించి, "మిగతా రెండూ అయిదేసి వందలు, దీనికి మాత్రం మూడువందలు" అన్నాడు. పల్లెటూరి బడి, ఆయన దగ్గరా లెక్క ప్రకారమే డబ్బుంది. మొత్తం 1,300 వచ్చాయి.

ఆ రెండువందలూ నేను ఇద్దామనుకున్నాను. దళం డబ్బుతోనే దళం నడవాలని పాఠం చెప్పినవాణ్ణి నేనే. పిల్లలు ఆ పాఠాన్ని నాకే అప్పజెప్పారు. శిబిరం మూడురోజులది రెండురోజులకు తగ్గించారు. అందరూ వెళ్ళారు. కొందరు దారిపొడుగునా సణిగారు కూడా.

రెండు నెలల తరువాత ఆ మాస్టారు కార్డు రాశాడు. వాళ్ళ శిబిరంలో వాన పడిందట, సుద్దగీత కొట్టుకుపోయిందట, డేరా మాత్రం కారలేదట. చివర మరొక వాక్యం ఉంది: "మీ జాబితాలో పన్నెండు గూటాలని రాశారు, పదకొండే ఉన్నాయి." మా పిల్లలు ఆ సాయంత్రమే తుమ్మకొమ్మ నరికి, చెక్కి, పన్నెండవ గూటాన్ని ఆ ఊరి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపారు.